గాజుల లెక్కలో తప్పిపోయిన అయిదు

నేను ఒక డైమను అయిదుని. యాభై రెండు పేకముక్కల్లో నా అంత అనామకుడు ఇంకొకడు ఉండడు. ఒకే అట్ట మీద అచ్చయి, కత్తిరింపు పడ్డాక విడిపోయాం. రాజులకి మీసాలొచ్చాయి, నాకు అయిదు ఎర్ర చుక్కలొచ్చాయి. ముందు ఒక లారీ డ్రైవరు మమ్మల్ని కొన్నాడు. ఆయన చేతిలో నాలుగూ ఆరూ ఉంటే తప్ప నా మొహం చూసేవాడు కాదు. పేక మానేసిన రోజు, పారేయడానికి మనసొప్పక, కూతురు హసీనా ట్రంకుపెట్టెలో పడేశాడు. అలా కర్నూలు పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టల్‌కి చేరాను.

హసీనా, వేణి ఒకే గది. నీళ్ళెవరు తేవాలి, గది ఎవరు ఊడవాలి, అన్నీ ఇరవై ఒకటి ఆటతోనే తేలేవి. ముక్కలన్నీ తెరిచే పంచుకునేవాళ్ళు. మొత్తం ఇరవై ఒకటికి దగ్గరగా ఉన్నవాళ్ళదే గెలుపు, దాటితే పోయినట్టే. కలపడానికి బద్ధకమేసి, పేక అయిపోయేదాకా అలాగే ఆడేవాళ్ళు. ఆ బద్ధకమే వేణికి కలిసొచ్చింది. రెండు నుంచి ఆరు దాకా చిన్న ముక్క పడితే ఒక గాజు మోచేతి వైపు తోసేది. పది, బొమ్మ, ఆసు పడితే ఒకటి మణికట్టు వైపు జార్చేది. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి గాజు కదిలేది కాదు. పేక అయ్యేసరికి గాజులన్నీ మొదటి చోటికే రావాలి. చిన్నవి ఎక్కువగా వెళ్ళిపోతే మిగిలినవి పెద్దవి, ఇక ఇంకో ముక్క అడగకూడదు. అంతే కిటుకు. ఏడాదంతా గది హసీనాయే ఊడ్చింది.

ఒక శనివారం వార్డెన్ వచ్చి, ఇద్దరిలో ఒకరు సోమవారానికల్లా రోడ్డవతలి కొత్త బ్లాకుకి మారాలంది. ఎవరో మీరే తేల్చుకోండంది. ఇద్దరికీ ఒంటరిగా వెళ్ళాలంటే భయమే. ఓడినవాళ్ళు వెళ్ళాలనుకుని ఆదివారం పేక పరిచారు.

ఆ పొద్దున్నే హసీనా నన్ను తీసి డ్రాయింగ్ పుస్తకంలో దాచింది. ఆ పుస్తకం ఎవరూ తెరవరు, క్షేమంగా ఉన్నాను.

చెరి నాలుగు ఆటలు గెలిచారు. ఆఖరి ఆటలో వేణికి పదిహేను, హసీనాకి పద్నాలుగు. పేకలో ఒకే ముక్క. వేణి గాజు ఒకటి మణికట్టు వైపు జారి ఉంది. అంటే రావాల్సింది చిన్న ముక్కే!

"కావాల్నా?" అంది హసీనా.

"ఎయ్!"

ఎనిమిది. ఇరవై మూడు.

వేణి గాజులకేసి చూసుకుంది. హసీనా ఏడుపు మొదలుపెట్టింది.

"నేనే ఒక ముక్క డ్రాయింగ్ పుస్తకంలో దాచినానే. నువ్వు గాజులు లెక్కబెడ్తావని నాకెప్పుడో తెలుసు."

"తెలిసీ ఏడాది పాటు గది ఊడ్చినావా? నీకేమన్నా పిచ్చా?"

"గెలిచినప్పుడు నీ మొగం సూడాలని. ఈసారికి మాత్రం భయమైంది. నువ్వుండు, నేను పోతా."

"నోరు మూసుకో. నేను మాత్రం దొంగని కాదా?" అని వేణి పెట్టె సర్దుకుంది. డ్రాయింగ్ పుస్తకం దులిపి నన్ను తీసుకుంది. "ఇది నా దగ్గరే ఉంటది. ఆడాలంటే నన్ను పిలవాల."

డిప్లొమా అయ్యేదాకా ప్రతి ఆదివారం నన్ను పట్టుకుని రోడ్డు దాటేది. నేను వెళ్తే తప్ప రాజులు కూడా ఆట మొదలుపెట్టలేకపోయేవాళ్ళు. నా జీవితంలో అంత మర్యాద మళ్ళీ దొరకలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో, వేణి ఫోన్ కవరు వెనక ఉంటున్నాను. హసీనా ఆదోనిలో పాఠాలు చెబుతోంది. మిగతా యాభై ఒకరూ ఆమె దగ్గరే. ఫోన్‌లో "వచ్చే ఆదివారం" అనుకుంటూ ఆరేళ్ళు గడిపేశారు. లెక్కలు బాగా వచ్చినవాళ్ళే, ఆదివారాలు మాత్రం లెక్కబెట్టుకోలేదు.

కీబోర్డుకి తగుల్తాయని వేణి గాజులు మానేసి చాలాకాలమైంది. నిన్న సాయంత్రం ఆదోని బస్సుకి టికెట్ తీసుకుంది. తర్వాత కోఠీ దాకా వెళ్ళి, డజను మట్టిగాజులు కొనుక్కుంది.