ఇరవై రెండంగుళాలు

మోటారాయన పొద్దున్నే మంచం దిగే ముందు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుంటాడు. రెండేళ్ళుగా అదే అలవాటు. గదిలో ఏడంగుళాల నీళ్ళు. మంచం కోళ్ళ కింద మూడేసి ఇటుకలు, పొయ్యి బల్ల మీద, చెప్పులు తలుపు పక్కన మేకుకి. నీళ్ళలో నడిచి టీ పెట్టుకుని, నీళ్ళలో నిలబడే తాగి, తలుపు తీసి బయట మెట్ల మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటాడు. నీళ్ళు ఎప్పుడూ గడప దాటలేదు. కింది ఇంటి కప్పులోకి మాత్రం తేమ దిగుతోంది. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ ఊళ్ళో ఎవరింట్లో మనిషి పోయినా ఆ పూటే నీళ్ళు వస్తాయి. ఎక్కణ్ణుంచి వస్తాయని ఎవరూ అడగరు. వానెందుకు పడుతుందని రోజూ అడుగుతామా? పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆ నీళ్ళలో కాసేపు నిలబడి, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు అడిగి, తడిసిన బట్టలతో వెళ్తారు. మనిషికి పావంగుళం చొప్పున నీళ్ళు వాళ్ళ బట్టల్లోకే పోతాయి. పద్దెనిమిదంగుళాలు వస్తే డెబ్భై రెండు మంది చాలు. చుట్టాలూ, ఇరుగుపొరుగూ, పనిచోటివాళ్ళూ కలిస్తే వారం తిరిగేసరికి నేల ఆరిపోతుంది. అంతమంది లేని ఇంటికి వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు.

వారం ఆగలేనివాళ్ళూ ఉంటారు. ఇల్లు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తారు, పిల్ల పరీక్షకి కూర్చోవాలి, బీరువా దించాలి. అలాంటివాళ్ళు మోటారాయనకి కబురు పెడతారు. మోటారు పెట్టి తోడితే మూడు గంటలు నేల కనిపిస్తుంది. నాలుగో గంటకి నీళ్ళు మళ్ళీ పాత గీత దగ్గరికే వస్తాయి. ఆ సంగతి ముందే చెప్పి మరీ పని మొదలుపెడతాడు. పద్ధతైన మనిషి.

ఆ రోజు ఆయన మెట్లు దిగుతుంటే గది అద్దెకిచ్చిన ఇంటావిడ కింద తన గుమ్మంలోనే కాపు కాసి ఉంది.

"బాబూ, నా వంటగది కప్పు చూశావా? నిన్న మూకుడంత మరక, ఇవాళ చాటంత అయింది."

"చూస్తానండీ."

"రెండేళ్ళుగా చూస్తానే ఉన్నావు. ఊరందరి నీళ్ళు తోడతావు, నీ గదిలో కొళాయి బిగించుకోలేవా? మంగలి ఇంట్లో అందరికీ జుట్టు పెరిగినట్టుంది నీ వ్యవహారం."

"వాషర్ మార్చాలండీ."

"మారుస్తావో, కొళాయే పీకేస్తావో నాకు తెలీదు. ఒకటో తారీకు లోపల ఆ మరక ఆరకపోతే గది ఖాళీ చేసెయ్. మేస్త్రీకి చెప్పేశాను."

ఒకటో తారీకు ఇంకా పంతొమ్మిది రోజులు. ఆయన తలూపి మోటారు భుజాన వేసుకున్నాడు. అది కొళాయి నీళ్ళు కాదని ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ ఒక్క మాటే ఆయన నోటికి రాదు.

ఎందుకు రాదంటే, రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఆయన దగ్గర ఉండడానికి వచ్చాడు. ఇరవై మూడో రోజున కడుపులో నొప్పి అన్నాడు, ఇరవై ఐదో రోజున ఆసుపత్రిలో పోయాడు. అప్పుడు ఇంటావిడ కూతురింటికి వెళ్ళి ఉంది. తిరిగొచ్చి, మెట్ల మీద ఎదురై, "మీ నాన్న ఊరికెళ్ళాడా?" అని అడిగింది. భుజం మీద మోటారు, అవతల పనికి ఆలస్యం. "ఊఁ" అన్నాడు. సాయంత్రం సరిదిద్దుకుందామనుకున్నాడు. సాయంత్రం సిగ్గనిపించింది. వారం గడిచాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారేమోనని భయం వేసింది. నెల గడిచాక ఆ "ఊఁ" గోడలో దిగిన మేకులా బిగుసుకుపోయింది. ఒంటరిగా చేసే పని కాబట్టి అడిగే తోటివాళ్ళు కూడా లేరు. ఒక్కరూ రాలేదు, ఒక్క అంగుళం తగ్గలేదు.

ఆ రోజు పని నవ్వులావిడ ఇంట్లో. ఆవిడ టీవీలో కనిపిస్తే పసిపిల్లలు కూడా అన్నం ముద్ద మింగడం మరిచిపోయి నవ్వుతారు. తొమ్మిది రోజుల కిందట ఆవిడ అక్క పోయింది. "నవ్వులావిడ కంట్లో నీరు" అని అన్ని పేపర్లూ మొదటి పేజీలో వేశాయి. ఫోటో చెల్లెలిదే. అక్క పేరు ఎవరూ వెయ్యలేదు.

వీధి చివరిదాకా జనం. గేటు దగ్గర పుస్తకంలో ఒక్కొక్కరితో సంతకం పెట్టిస్తున్నారు. హాలు లోపల గుమ్మం నుంచి సోఫాదాకా, సోఫా నుంచి పక్క గుమ్మందాకా నీళ్ళ మీద చెక్క వంతెన వేసి ఉంది. జనం దాని మీద నడిచొచ్చి, దణ్ణం పెట్టి, ఫోటో దిగి, అటు నుంచి పోతున్నారు. ఎవరి చెప్పులూ తడవడంలేదు. ఒకాయన తూలి నీళ్ళలో పడ్డాడు. లేచి, పొడి బట్టలతోనే ఫోటో దిగి వెళ్ళిపోయాడు. పోయిన మనిషి గురించి అడగనివాళ్ళని ఆ నీళ్ళు తడపవు. ఆ తర్వాత కాసేపటికి జనాన్ని ఆపేశారు.

ఆవిడ వ్యవహారాలు చూసే మేనేజరు ఎదురొచ్చాడు. "పదకొండింటికి కెమెరాలొస్తాయి. మూడు గంటలు నేల కనబడితే చాలు."

"అంతకన్నా ఉండదండీ, నాలుగో గంటకి..."

"తెలుసు, తెలుసు. కానివ్వు."

మోటారాయన గోడ దగ్గర స్కేలు పెట్టాడు. ఇరవై రెండంగుళాలు. గోడ మీద గీత ఒక్కటే ఉంది. తగ్గుతూ వచ్చిన ఇంట్లో నిచ్చెన మెట్లలా గీతలుంటాయి. ఇక్కడ నీళ్ళు వచ్చినచోటే ఉన్నాయి.

మోటారు ఆడుతుంటే పైపు పట్టుకుని నిలబడాలి, లేకపోతే ఎగిరి కొడుతుంది. అలా నిలబడి ఉండగా నవ్వులావిడ మేడ మెట్లు దిగి వచ్చి చివరి మెట్టు మీద కూర్చుంది. కాళ్ళు నీళ్ళలో పెట్టింది. టీవీలో కన్నా చిన్న మనిషి.

"తొమ్మిది రోజుల్లో ఎంతమంది వచ్చారో తెలుసా?" అంది.

"గేటు దగ్గర పుస్తకంలో పదకొండు వేల రెండు వందల నలభై అని ఉందండీ."

"మరి ఎందుకు తగ్గలేదు?"

ఆయన నోటిలెక్క వేశాడు. "పావంగుళం చొప్పున రెండు వేల ఎనిమిది వందల పది అంగుళాలు పోవాలండీ. అంటే రెండు వందల ముప్ఫై నాలుగు అడుగులు. మీ ఇంటి కింద బావి తవ్వినా అంత నీళ్ళుండవు."

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. "అందరూ ఒకటే మాట అడిగారు. మళ్ళీ ఎప్పుడు నవ్విస్తారని. ఒక పెద్దమనిషి అయితే, మీ ఏడుపు కూడా ఎంత సహజంగా ఉందండీ అని మెచ్చుకున్నాడు."

మోటారాయనకి పనిలో మాట్లాడే అలవాటు లేదు. పైపు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని, "అక్కగారి పేరేంటండీ?" అన్నాడు.

ఆవిడ ఆయన వంక చూసింది. తర్వాత పేరు చెప్పింది. చెప్పి, పుక్కిట పట్టిన నీళ్ళలా ఆ పేరుని నోట్లోనే కాసేపు ఉంచుకుంది.

"ఏం చేసేవారు?"

"నన్ను తిట్టేది." ఈసారి నిజంగా నవ్వొచ్చింది ఆవిడకి. "నా ప్రోగ్రాం వస్తుంటే వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి చూసేది. ఒక్కసారీ నవ్వలేదు. అయిపోయాక, మూడో జోకు అర సెకను ముందు చెప్పావే, జనం ఊపిరి పీల్చుకోకముందే నవ్వమంటే ఎలా నవ్వుతారు అనేది. గరిటెతో గుమ్మం మీద కొట్టి చూపించేది, ఇదిగో ఇక్కడ ఆగాలి, ఇక్కడ అనాలి అని. చిన్నప్పణ్ణుంచీ అంతే. నా పలుకంతా ఆవిడ గరిటె దెబ్బే. ఊరు నవ్విందంటే అది ఆవిడ లెక్క. నేను ఒట్టి నోటిని."

"మరి ఒక్కసారీ నవ్వలేదా?"

"ఒకసారి నవ్వింది. నేను స్టేజి మీద జోకు మరిచిపోయి నీళ్ళు నమిలిన రోజున. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది."

మోటారాయన ఫక్కున నవ్వాడు. నవ్వుతూ కిందకి చూసుకుంటే ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి కాళ్ళకి అంటుకుపోయి ఉంది. తొమ్మిది రోజుల్లో ఆ ఇంట్లో తడిసిన మొదటి ప్యాంటు అదే. ఆవిడ అది చూసింది. ఇంకా కిందకి, ఆయన పాదాల వంక చూసింది.

"మీ ఇంట్లో ఎంతుంది?"

"అర్థం కాలేదండీ."

"ఇవాళ నా నీళ్ళలో నానిన కాళ్ళు కావు అవి. తెల్లగా ముడతలు పడి ఉన్నాయి."

దాచడానికి చెప్పులు కూడా లేవు. "ఏడంగుళాలండీ. నాన్న. రెండేళ్ళయింది."

"ఎవరూ రాలేదా?"

"చెప్పలేదండీ. ఊరికెళ్ళాడా అంటే, ఊఁ అన్నాను."

"నా సంగతి ఊరందరికీ తెలుసు. మీ సంగతి పక్కింటికి కూడా తెలీదు. ఎవరి నీళ్ళూ తగ్గలేదు. ఇదేం లెక్కండీ?" అంది. "మీ నాన్నగారు ఎలాంటి..." అని ఆవిడ అడగబోతుండగా మేనేజరు పరుగున వచ్చాడు. కెమెరాలు వచ్చేశాయి.

నేల తేలింది. ఆవిడ లేచి దాన్ని చూసి, "ఆ మోటారు ఆపెయ్యమనండి. నీళ్ళు వచ్చాకే మాట్లాడతాను. ఆ చెక్కలు కూడా తీయించండి," అంది.

"చెక్కలు తీస్తే ఎవరొస్తారమ్మా?"

"వచ్చేవాళ్ళే వస్తారు."

కెమెరాలవాళ్ళు గంట చూసి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి నీళ్ళు మళ్ళీ చేరాయి. వీధిలో కిలోమీటరు పొడుగున్న వరస, చెక్కలు లేవని తెలిశాక, సాయంత్రానికి పదకొండు మందికి వచ్చింది. వాళ్ళు చెప్పులు విడిచి, నీళ్ళలోకి దిగి, అక్క గురించి అడిగారు. ఒకామె గరిటె చూపించమంది. మోటారాయన పైపు చుట్టి, వెళ్ళేముందు స్కేలు పెట్టి చూశాడు. పదకొండు పావులు, తనది ఒక పావు. సరిగ్గా పంతొమ్మిది అంగుళాలు.

బస్సులో ఆయన తడి ప్యాంటు చూసి ఒకామె జరిగి చోటిచ్చింది. ఆ ఊళ్ళో తడి బట్టలవాళ్ళకి సీటివ్వడం మర్యాద. ఆయనకి ఎవరైనా చోటివ్వడం అదే మొదటిసారి. ఊరిలో ఇన్ని ఇళ్ళ నీళ్ళు తోడాడు గానీ, ఎవరి నీళ్ళలోనూ తడవలేదని అప్పుడు తట్టింది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. ఇంటావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. ప్యాంటు చూసి లేచి నిలబడింది.

"ఎవరింటి నుంచి?"

"నవ్వులావిడ అక్కగారండీ."

"అయ్యో. ఆవిడకి అక్క ఉందా? ఎలాంటి మనిషి?"

ఆయన గరిటె సంగతి చెప్పాడు, అర సెకను సంగతి చెప్పాడు. ఇంటావిడ నవ్వి, ముక్కు చీది, "పాపం" అంది. తర్వాత, "సరే, మరి నా కప్పు సంగతి?" అంది.

అప్పుడు ఆయన మోటారు భుజం మీంచి దించి మెట్టు మీద పెట్టాడు.

"అది కొళాయి కాదండీ."

"మరేంటి?"

"నాన్న ఊరికెళ్ళలేదు. మీరు మీ అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఆసుపత్రిలో పోయాడు. మీరు అడిగితే ఊఁ అన్నాను. తర్వాత చెప్పడం చేతకాలేదు."

ఇంటావిడ ఆయన్ని దాటుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆయన వెనకాలే ఎక్కి తాళం తీశాడు. ఆవిడ బట్ట అంచు ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, గడప దగ్గర నిలబడి గదంతా చూసింది. ఇటుకల మీద మంచం చూసింది, బల్ల మీద పొయ్యి చూసింది.

"మేమిద్దరం రోజూ చదరంగం ఆడేవాళ్ళం," అంది. "నువ్వు పనికెళ్ళాక. నీకు చెప్పాడా?"

"లేదండీ."

"నేను ఊరెళ్ళే రోజున ఆట సగంలో ఉంది. బల్ల కదిలించకండి, నేనొచ్చాక పూర్తి చేద్దాం అన్నాను. తిరిగొస్తే మనిషి లేడు. ఓడిపోతానని పారిపోయాడు అని అందరికీ చెప్పాను. పాలవాడికి చెప్పాను. మా అమ్మాయికి చెప్పాను. రెండేళ్ళపాటు ఆయన్ని పిరికివాడని నవ్వాను."

ఎత్తిపట్టుకున్న అంచు వదిలేసి నీళ్ళలోకి దిగింది. బట్ట బరువెక్కి కిందకి సాగింది. గోడ మీద పాత గీత కింద పావంగుళం మేర కొత్తగా బయటపడిన గోడ తడిగా మెరిసింది.

"నిజానికి ఆ ఆట ఆయనే గెలిచేవాడు," అంది.

మోటారాయన ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి నీళ్ళలో వేశాడు. ఆవిడ కూర్చుంది. ఆయన మంచం అంచున కూర్చుని కాళ్ళు కిందకి వేలాడేశాడు.

"రేపు కూడా వస్తాను. ఎల్లుండీ వస్తాను," అంది ఆవిడ. "ఇప్పుడు చెప్పు. ఆయనకి ఆ ఆట ఎవరు నేర్పారు?"

ఆయనకి అది తెలీదు. తెలిసినచోటి నుంచి మొదలుపెట్టాడు.