నాగేపల్లి దగ్గర మంట

సిరొంచ నుంచి అహేరి, అహేరి నుంచి మళ్లీ సిరొంచ. రెండువందల కిలోమీటర్ల సైకిల్ పందెం. ఆడపిల్లల్లో ముందొచ్చిన ఒక్కరికే నాగపూర్‌లో శిక్షణ, హాస్టల్. వచ్చే ఏడాదికి ప్రశాంతికి వయసు దాటిపోతుంది. అయినా ఆ దిక్కుమాలిన డిసెంబరు వాన ఆగిందా? తెల్లవారుజాము నుంచి ఒకటే ముసురు.

బయల్దేరే ముందు తండ్రి కిష్టన్న యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచికి మెడ, చేతులు పట్టేలా కంతలు కోసి బిడ్డకు తొడిగాడు. "నలభై యేండ్ల సంది గిదే ఏసుకొని వానల పొలం పని జేస్తున్న. ఒక్కనాడు సర్ది పట్టలే" అన్నాడు. మాట నిజమే. కానీ పొలంలో మనిషి నింపాదిగా వంగుతాడు, లేస్తాడు. సైకిల్ తొక్కే పిల్లకు ఒళ్లంతా చెమట. అది పోయే దారేది? ఆ ముక్క ఎవరికి తట్టింది గనక! చూసినవాళ్లందరూ సంచి బాగుందన్నారు.

అహేరిలో, వెనక్కి తిరిగే చోట, పందెం వాళ్ల కాగితం మీద సంతకం పెట్టేటప్పటికి ప్రశాంతే ముందుంది. కానీ పెన్ను చేతిలో నిలవలేదు. తొక్కినంతసేపూ వెచ్చగా ఉన్న చెమట, ఆగగానే చల్లబడి ఒంటికి అంటుకుపోయింది. పళ్లు టకటకలాడాయి. నాగేపల్లి చేరేసరికి బ్రేకు మీద వేళ్లున్నాయో లేదో కళ్లతో చూసుకోవాల్సి వచ్చింది.

కిష్టన్న మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో ముందే వచ్చి, అక్కడి తన చెల్లెలు ఎల్లక్క ఇంటి ముందు, రేకుల కింద మంట వేసి బిడ్డ కోసం ఎదురుచూస్తున్నాడు. సైకిల్ వంకర్లు పోవడం చూసి రోడ్డు మీదికి ఉరికాడు.

"ముట్టకు నాయినా! సంతకాల కాడ తప్ప ఎవరన్న సాయం జేస్తే నన్ను తీసేస్తరు!"

"మూతి నల్లగైంది. జరసేపు కాగు బిడ్డా."

"దిగితే ఇగ ఎక్కలేను. నీ కాళ్లు మొక్కుత, పోనియ్యి."

ఆ మాటలు కూడా ముద్దముద్దగా వచ్చాయి. విన్నాక ఏ తండ్రి ఊరుకుంటాడు? రెండు చేతులా ఎత్తి మంట దగ్గరికి మోసుకుపోయాడు. ఎల్లక్క పిల్లను లోపలికి తీసుకెళ్లి సంచి కోసేసి, గొంగడి చుట్టి తెచ్చింది. వాన చుక్క సోకని లోపలి బనియన్ని కిష్టన్న చేతిలో పెట్టింది. పిండితే ధార కట్టింది. ఆయన మొహం చూడలేం అనుకోండి.

"నేనే జేసిన" అన్నాడు.

మోటారుసైకిల్ మీద వెనకాలే వస్తున్న పందెం వాళ్ల మనిషి ఆగి, చూసి, కాగితంలో ఆమె నంబరు కొట్టేశాడు. అతన్ని అని ఏం లాభం, రూలు అది.

కాసేపటికి పందెంలో వెనకున్న ఏటపల్లి పిల్ల ఒకతి తలొంచుకొని తొక్కుతూ వాళ్లను దాటిపోయింది. ప్రశాంతి ఆమె కనుమరుగయ్యేదాకా చూసింది. వేళ్లలోకి నెత్తురు తిరిగొస్తుంటే సూదులతో పొడిచినట్టుంది.

"సచ్చిపోతుంటివి బిడ్డా" అన్నాడు కిష్టన్న.

"బతికిచ్చినవు నాయినా. ఇగ నన్నేం జెయ్యమంటవు?"

కిష్టన్న మంటలో ఇంకో కట్టె వేశాడు.