ఐదు రాళ్ల మూల

ఇంకొంచెం ముందుకు పోతాడేమో, పోవాలి, అటంతా ఎండిందే, మోకాలెత్తుకే ఆగిపోయి కంకి వేయకుండా మాడిన జొన్న, అక్కడ గుర్తు పడితే చాలు, కానీ పంట తూచడానికొచ్చిన సార్ ఆగాడు, కోసే చోటు చూపించే ఫోన్ చూశాడు, కిందికి చూశాడు, ఇల్లే అన్నాడు కన్నడంలో, ఇక్కడే అని, పక్క చేను సాయిలు మామకి కన్నడం రాక కాదు, నమ్మలేక నా మొహం చూశాడు, ఇంత పెద్ద చేనులో ఫోన్‌కి ఈ మూలే దొరికిందా, చేనుకు పూజ చేసే ఎళ్ళమావాస్య నాడు ఐదు రాళ్లు పెట్టి సున్నం పూసి పాండవులని మొక్కిన మూల, మొత్తం చేనులో కంకి నిండిన మూల ఇదొక్కటే, నేను బిందెలతో నీళ్లు మోసిన మూల.

కాలం కాకపోతె కాకపాయె, దేవుని తాన గూడ ఎండిపోతె ఎట్లనే, ఆడన్న ఇన్ని నీళ్లు పొయ్యి, అంది అత్త ఆ రోజు, నేను సరే అన్నాను, నేనెప్పుడూ సరే అనే అంటాను, సాయిలు మామ బోరు కింద బిందె పెట్టి కూర్చుంటే నీళ్లు దారంలా సన్నగా వచ్చేవి, బిందె నిండేలోపు చెట్టు నీడ జరిగిపోయేది, అయినా మామ ఒక్కనాడూ వద్దనలేదు, పాండవులకు గింత దూపనా పిల్లా, ఐదుగురేనాయె, ఏనుగులను గూడ తోలుకొచ్చిండ్రా, అని నవ్వేవాడు, ఆయన బోరు నీళ్లే ఇవి, ఇప్పుడీ కంకుల్లో ఉన్నవి ఆయన నీళ్లే, ఆ మాట ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, తలపాగా తీసి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

నిన్న ఎంత సంబరం, నీ చేనే వచ్చింది జ్యోతీ, పంట కోసి తూసేటందుకు, మన పంచాయితీ నసీబు మంచిగున్నది, నీ చేను చూస్తె మేక గూడ మొకం తిప్పుకుంటది, అని మామ గుమ్మంలో నిలబడి అంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మా ఎండిన చేను ఊరికి పనికొచ్చిందని, పంచాయితీ మొత్తంలో నాలుగు చేన్లలో కోసి తూస్తారట, ఆ తూకాలు తక్కువుంటేనే అందరికీ పంట బీమా, రాత్రే మా ఆయన నవనాథ్‌కి ఫోన్ చేసి చెప్పాను, జహీరాబాద్‌లో ఇటుకలు మోసి మోసి అతని గొంతు కూడా దుమ్ము పట్టినట్టయింది, బీమా పైసలు వస్తె మిరుగు వానలకు ఇత్తనం పెట్టనీకి ఇంటికే వస్త, రాకుంటె నువ్వు గూడ ఈడికే రా, అమ్మను ఎవరింట్లనన్న పెట్టు, అన్నాడు, పెట్టు, మూటను పెట్టమన్నట్టు, పక్కనే అత్త రొట్టె తింటోంది, విన్నదో లేదో తల ఎత్తలేదు, అంత మాట్లాడుకున్నాం కానీ ఈ మూల సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు, ఎందుకు తడుతుంది, ఇది దేవుడి జాగ, దీన్ని చేనులో లెక్కపెట్టే అలవాటే మాకు లేదు.

సార్, జర అటు జరుపుండ్రి, ఇది దేవుని జాగ, అన్నాడు సాయిలు మామ, ఫోటో ఆఫీసుకు పోయింది మామా, ఇప్పుడు నా చేతిలో ఏం లేదు, అన్నాడు సార్, మంచివాడే, గొంతు తగ్గించే అన్నాడు, నీళ్లు పోసిన సార్, నేనే, బిందెలతోని, అన్నాను, అందరి ముందు నేను మాట్లాడటం నాకే కొత్త, పోస్తే పోశావమ్మా, కంకి ఉందా లేదా, అంతే చూస్తాం, నాలుగు మేకులు దిగాయి, చుట్టూ తాడు బిగిసింది, ఐదు రాళ్లూ తాడు లోపలే ఉండిపోయాయి, కొయ్యమ్మా అన్నాడు.

కొడవలి పెట్టాను, మొదటి కంకి చేతిలోకి వచ్చింది, బరువుగా, కోడిపిల్లను పట్టుకున్నట్టు వెచ్చగా, ఇంత గింజ పట్టిందా అని చెయ్యి సంతోషపడింది, సిగ్గులేని చెయ్యి, వెనకాల ఊరు నిలబడి ఉంది, తిట్టినా బాగుండేది, కోసి వెనక్కి అందిస్తున్నాను, అత్త అందుకుని కుప్ప వేస్తోంది, ఇంకోటి, ఇంకోటి, కుప్ప పెరగాలి కదా, ఎందుకు పెరగట్లేదు, తిరిగి చూశాను.

అత్త చీర కుచ్చిళ్ల కింద కాలు కదులుతోంది, తాడు అవతల నేల నెర్రెలు విచ్చి ఉంది, ఆ నెర్రెలోకి కంకిని మడమతో తోస్తోంది, తోసి తొక్కుతోంది, కళ్లు మాత్రం సార్ మీద, సార్ ఫోన్‌లో ఉన్నాడు, ఈమె మా అత్త రాచమ్మేనా, పిండి గిర్నీ నుంచి వస్తూ దారిలో గింజ కనిపిస్తే వంగి, వేలు తడి చేసుకుని అద్ది, కళ్లకు మొక్కి కొంగున వేసుకునే మనిషి, రొట్టె ముక్క కింద పడితే నవనాథ్‌ను అంత పెద్దయ్యాక కూడా కొట్టిన మనిషి, పెదవులు కదులుతున్నాయి, మొక్కుతోందో, క్షమించమంటోందో, సాయిలు మామ చూశాడు, చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు, విన్నది, రాత్రి ఆ మాట అత్త విన్నది, ఎవరింట్లనన్న పెట్టు.

నా చేతిలో ఇంకో కంకి ఉంది, అన్నిటికన్నా నిండుగా, దీన్ని నేను పాలు పట్టినప్పటి నుంచీ ఎరుగుదును, పిట్టలు వాలకుండా గుడ్డ కట్టింది దీనికే, అత్తకు అందించలేదు, నా కాలి దగ్గరే జారవిడిచాను, పాదం పెట్టాను, కింద గింజలు చిట్లుతుంటే అరికాలికి తెలుస్తోంది, అత్త నన్ను చూసింది, ఇంకో కంకికి చెయ్యి చాచింది, నవనాథ్ ఇంటికి రావాలంటే, ఈమె మా ఇంట్లోనే ఉండాలంటే, నేను నీళ్లు మోసిన ఈ మూల కూడా ఎండిపోయి ఉండాల్సింది.