కెమెరాలో వాన

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక షాలోమి టీచర్ ముందుగదిలో పరుపు చుట్టి లోపల పెట్టింది. గోడకున్న క్యాలెండర్ తీసేసింది. ల్యాప్‌టాప్ మీద టార్పాలిన్ కప్పి, చేతులు పట్టేంత సందు ఉంచుకుంది.

"ఇక ఆన్ చెయ్యి సౌజన్యా," అంది.

సౌజన్య కెమెరా ఆన్ చేసింది. గదిలో జల్లు మొదలైంది. గోడవతల నుంచి జగదాంబగారు కేకేశారు. "టీచరమ్మా, ఆ వాన కాస్త మా వడియాల మీదకి రానివ్వకండి."

వాన మే నెలది. కెమెరాలో ఆఖరి ఫొటో తీసిన రోజుది. ఆగిరిపల్లి చుట్టుపక్కల ఓణీల ఫంక్షన్లకీ బారసాలలకీ సౌజన్య ఆ పాత కెమెరాతోనే ఫొటోలు తీసేది. సీజన్లో మొగుడు నాగరాజుతో కలిసి మామిడి కోతకి వెళ్ళేది. ఆ రోజు మబ్బు పట్టింది. మబ్బు పడితే బుద్ధున్నవాళ్ళు చెట్టు దిగుతారు, తోటల్లో మాత్రం ఎక్కుతారు. గాలికి రాలిన కాయని షావుకారు కన్నెత్తి చూడడు మరి, గాలి రాకముందే కోసెయ్యాలి. నాగరాజు కాయలు కోసే చిక్కం కర్ర పట్టుకుని పైకొమ్మ మీద నిలబడి "ఒక ఫొటో తియ్యవే" అన్నాడు. తీసింది. అప్పటికే చినుకు పడుతోంది. కెమెరా కొంగులో చుట్టుకుని షెడ్డుకి పరిగెత్తింది. మళ్ళీ వచ్చేసరికి నాగరాజు నేల మీద ఉన్నాడు.

చెట్టు ఎవరూ ఎక్కలేదని కోత మేస్త్రీ కోటేశ్వరరావు చెప్పాడు. తాగి గట్టు మీద నుంచి పడ్డాడని కాగితం రాసేశారు. మందు వాసనే పడని మనిషి. చెట్టు మీద ఉండగా నేను చూశానని సౌజన్య చెబితే, పెళ్ళాం అలాగే చెబుతుందిలే అన్నారు. రేపు సోమవారం నూజివీడు లేబరు ఆఫీసులో ఆఖరి విచారణ. ఫొటో ఉంటే తెమ్మన్నారు. లేకపోతే నాగరాజు తాగి చచ్చినవాడిగానే ఉండిపోతాడు. సౌజన్యకి ఏడుపు రావడం లేదు, కోపం రావడం లేదు, కూరలో ఉప్పుందో లేదో కూడా తెలియడం లేదు. ఆ కాగితం మారాలి, అంతవరకే తెలుసు.

కెమెరాలో మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే పోయేది. కార్డు మూత బిగుసుకుపోయింది, స్క్రీనేమో పగిలిపోయింది. ఇక వైరే దిక్కు.

టీచర్ ల్యాప్‌టాప్‌లో ఉండేది విండోస్ కాదు, లైనక్స్. బళ్ళో పిల్లలకీ అదే నేర్పుతుంది. నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేసింది. మౌసు పేరు వచ్చింది, కీబోర్డు పేరు వచ్చింది, కెమెరా ఊసే లేదు. వైరు పీకి పెట్టింది, ఇంకో రంధ్రంలో పెట్టింది, ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. గంట గడిచింది. గదిలో నీళ్ళు మడమల దాకా వచ్చాయి.

"ఈ వైరెక్కడిది సౌజన్యా?"

"ఫోను ఛార్జరుదండీ."

"అదీ సంగతి. ఇది కరెంటు మోస్తుందంతే, ఫొటోలు మొయ్యదు. ముందే అడగాల్సింది, నా బుద్ధి తగలెయ్య."

బీరువా అంతా గాలించి ఇంకో వైరు తెచ్చింది. ఈసారి కెమెరా పేరు వచ్చింది, ఫొటోలు రాలేదు.

"కెమెరా సెట్టింగ్ ప్రింటర్ మీద ఉన్నట్టుంది. కంప్యూటర్ మీదకి మార్చాలి. స్క్రీన్ లేకుండా ఎలా?"

సౌజన్య వేళ్ళకి తెలుసు. మెనూ, కిందకి నాలుగు, కుడికి ఒకటి, కిందకి ఒకటి, ఓకే. వాననీళ్ళు మోచేతుల మీంచి కారుతుంటే తుడుచుకోలేదు.

"ఇప్పుడు కెమెరా ఖాళీగా లేదంటోంది," అంది టీచర్. "సిస్టమ్ తనంతట తనే తెరిచి పట్టుక్కూర్చుంది. దాని చేత వదిలిస్తే గానీ మనకి రాదు."

వదిలించింది. ఫొటోలు ఒక్కొక్కటే దిగాయి. ఓణీలు, ఉయ్యాలలు, కేకులు. ఆఖరిది దిగగానే గదిలో వాన ఆగిపోయింది.

ఇద్దరూ వంగి చూశారు. చెట్టుంది, మబ్బుంది. లెన్సు మీద చినుకు పడి, నాగరాజు ఉండాల్సిన చోట నీటి మరక ఉంది.

టీచర్ ఆ మరకని పెద్దది చేసి చూసింది. తర్వాత, "ప్రింటు తియ్యనా?" అంది.

"తియ్యండి."

సోమవారం నూజివీడు ఆఫీసులో ఉదయశంకర్ అనే ఆఫీసరు ఆ ఫొటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. "ఇందులో మనిషేడమ్మా?"

"ఉన్నాడండీ."

ఎదురుగా కూర్చున్న మేస్త్రీ కోటేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆఫీసరు ఫొటోని బల్ల మీద పెట్టారు. గాలి లేచింది. గుమాస్తా వెళ్ళి కిటికీలు మూశాడు. గాలి వచ్చేది బల్ల మీది ఫొటోలోంచేనని చూసి, బయటికి పోతుందని మళ్ళీ తెరిచి, ఫైళ్ళ మీద గొడుగు పట్టాడు. వాన దంచింది. పచ్చికాయలు రెండు కప్పు కింద నుంచి రాలి దబ్బుమని బల్ల మీద పడ్డాయి.

కోటేశ్వరరావు లేచి నిలబడ్డాడు. తల పైకెత్తి, నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని, ఆ రోజు తోటలో లాగే అరిచాడు.

"అప్పుడే దిగకురా నాగరాజూ! ఆ ఒక్క కొమ్మా కోసి దిగు!"

గాలి తగ్గింది. ఆఫీసరు తడిసిన కాగితం పక్కకి నెట్టి, సొరుగులోంచి కొత్తది తీసి, ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు. కోటేశ్వరరావు కాదనలేదు. కూర్చోనూ లేదు.

సౌజన్య అతని వైపు తిరిగింది.

"ఆ కొమ్మకి ఎన్ని కాయలున్నాయి బాబాయ్?"

"ఐదమ్మా," అన్నాడు.

ఆఫీసరు అదీ రాసుకున్నారు.