పదకొండు గుడ్లు

ఆ రోజు మధ్యాహ్నం ఆ బడి ఆవరణలోకి కొత్తవాళ్ళెవరైనా అడుగుపెట్టి ఉంటే, పిల్లలందరి కళ్ళలోనూ ఒకేసారి నలకలు పడ్డాయని కంగారుపడేవారు. ఇద్దరేసి, ముగ్గురేసి ఎదురెదురుగా నిలబడి ఒకరి కింది రెప్పను ఒకరు వేలితో లాగి చూసుకుంటున్నారు. "నీది ఎరుపు!" "నీది గులాబీ!" "ఒరేయ్, వీడిది అచ్చం సుద్దముక్కరా!" అని ఒకటే గోల. గేటు దగ్గర కునుకు తీస్తున్న వాచ్‌మన్‌ను కూడా వదల్లేదు. అతని రెప్ప లాగి, "తాతకి ఎర్రగానే ఉంది, నిద్రొక్కటే ఎక్కువ" అని తేల్చేశారు.

ఈ హడావుడికంతా కారణం సైన్సు టీచరు. ఆ రోజు ఐదో తరగతికి ఆవిడ ఖనిజాల పాఠం చెప్పింది. మనమందరం చదువుకున్న పాఠమే. ఇనుము కావాలంటే ఆకుకూరలు, గుడ్డు, మాంసం. కాల్షియం కావాలంటే పాలు, నువ్వులు. అయోడిన్‌కి ఉప్పు, సముద్రపు చేప. ఒక గడిలో ఖనిజం పేరు, పక్క గడిలో తినాల్సిన పదార్థం రాసుకుని, పరీక్షలో జతపరిచి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయే పాఠం. కానీ సైన్సు టీచరుకు అలా చెప్పడం చేతకాదు. బల్లమీద నిజం ఆకుకూర కట్ట, నిజం గుడ్డు, చిటికెడు ఉప్పు పెట్టి మరీ చెప్పింది. "ఇనుము తక్కువైతే రక్తం పలచబడుతుంది. కింది రెప్ప లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా ఉంటే రక్తం లేదన్నమాట. ఇంటికెళ్ళి అందరివీ చూసి రండి, రేపు చెబుదురుగాని" అంది. పిల్లలు ఇంటిదాకా ఆగితే కదా!

మర్నాడు తరగతిలో నవ్వులే నవ్వులు. ఒకడి తాతయ్య కళ్ళు తెరవనని మొండికేశాడట. ఇంకొకతె వాళ్ళ పిల్లి రెప్ప లాగబోయి చేయి గీరించుకుని వచ్చింది. టీచరుకు కడుపు నిండిపోయింది. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఒక పాఠం బడి గేటు దాటి ఇళ్ళలోకి వెళ్ళడం ఆవిడ చూడ్డం అదే మొదటిసారి.

గంట కొట్టాక అందరూ పరుగెత్తారు, ఒక్క పిల్ల తప్ప. సన్నగా, గలగలా మాట్లాడుతూ ఉంటుందని అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు. ఆ రోజు మాత్రం పిచ్చుక మెల్లగా టీచరు బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, మా అమ్మది తెల్లగా ఉంది."

"కొంచెం తెల్లగానా?"

"కాదు టీచర్. కాగితంలాగ. రెండు కళ్ళూ చూశాను. అమ్మకి కడుపులో పాప కూడా ఉంది."

టీచరు నోట్సుల దొంతర సర్దుకుంటూ, "మరి ఆకుకూరలు, గుడ్డు తినమని చెప్పు" అంది.

"చెప్పాను టీచర్. నవ్వింది."

"మళ్ళీ చెప్పు" అని ఆ పిల్ల తల నిమిరి, టీచరు తరువాతి తరగతికి వెళ్ళిపోయింది. చెప్పవలసింది చెప్పేశామని మన మనసుకు ఎంత సులువుగా సర్దిచెప్పుకుంటామో కదా!

నాలుగు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం నోట్సులు దిద్దుతూ ఉంటే ఒక పుస్తకం దగ్గర గుడ్డు వాసన గుప్పుమంది. తెరిచి చూస్తే, సరిగ్గా ఖనిజాల పట్టిక ఉన్న పేజీకి పచ్చసొన అంటుకుని ఎండిపోయి ఉంది. పుస్తకం పిచ్చుకది.

ఆ బడిలో మంగళవారం, శుక్రవారం మధ్యాహ్న భోజనంలో పిల్లకో ఉడికించిన గుడ్డు ఇస్తారు. ఎవరి గుడ్డు వాళ్ళు అక్కడే తినాలి, ఇంటికి తీసుకుపోకూడదన్నది బడి నియమం. మర్నాడు శుక్రవారం. టీచరు స్తంభం పక్కన నిలబడి కనిపెట్టింది. పిచ్చుక అన్నం గబగబా తినేసింది. గుడ్డును మాత్రం చేతిరుమాలులో చుట్టి, అటూ ఇటూ చూసి, సంచిలో పుస్తకాల మధ్య దాచేసింది.

"ఏంటిది?"

పిచ్చుక బిక్కచచ్చిపోయింది. "అమ్మకి, టీచర్. మీరే కదా చెప్పారు..."

తినెయ్యమంటే తల్లి నోటి దగ్గరి ముద్ద లాగేసినట్టు ఉంటుంది. తీసుకెళ్ళమంటే ఈ పిల్ల జబ్బ చూస్తే చీపురు పుల్లంత కూడా లేదు. "సాయంత్రం నేనూ మీ ఇంటికి వస్తాను" అని మాత్రం అంది టీచరు.

రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా చొక్కాల మూటలు. పిచ్చుక తల్లి కుట్టుపని వాళ్ళ దగ్గర చొక్కాలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టి, బొత్తాలు వేసి ఇస్తుంది. టీచరు వెళ్ళేసరికి ఒళ్ళో ఒక చొక్కా, పళ్ళ మధ్య దారం. ఆరో నెల పొట్ట మీదే చొక్కా పరుచుకుని కుడుతోంది. పెదవులకు, ముఖానికి రంగులో తేడా లేదు.

తండ్రి బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం షిఫ్టుకు బయలుదేరే హడావుడిలో ఉన్నాడు. అయినా టీచరును చూసి కుర్చీ తుడిచి వేశాడు. ఆ ఇంట్లో పద్ధతి ఏమిటో ఒక్క అరగంటలో టీచరు కళ్ళారా చూసింది. తల్లి లేచి, అటు తిరిగి ముందు మొగుడికి క్యారియర్ కట్టింది. తరువాత అత్తగారికి వడ్డించింది, ఆ తరువాత మూడేళ్ళ పిల్లాడికి తినిపించింది, పిచ్చుకకు పెట్టింది. గిన్నె అడుగున గరిటెకు అంటుకున్న కూర మిగిలింది. "నేను తరువాత తింటాలెండి" అని తనకో గ్లాసు, టీచరుకో గ్లాసు టీ తెచ్చుకుని కూర్చుంది.

"మీ కోడలికి బొత్తిగా రక్తం లేదండీ, పెద్దమ్మగారూ" అంది టీచరు. "ఇద్దరి తిండి తినాల్సిన సమయం."

నాయనమ్మ చెడ్డ మనిషేం కాదు. కోడలి నడుముకు నూనె రాసేది కూడా ఆవిడే. "అయ్యో, టీచరమ్మా! ఎక్కువ తింటే బిడ్డ లావైపోదూ? కాన్పు కష్టమవుతుంది. నేను ఐదుగురిని కన్నాను, నాకు తెలీదా?" అంది.

"ఎంతమంది మిగిలారండీ?" అని అడగబోయి టీచరు నాలుక కరుచుకుంది.

మెకానిక్ చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. "నేనేమైనా తినొద్దన్నానా, మేడం? గరిటె ఆవిడ చేతిలోనే ఉంది. ఎంత కావాలంటే అంత తినొచ్చు!" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. గరిటె చేతిలో ఉన్న మనిషికి గిన్నెలో ఏం మిగులుతుందో అతను ఏనాడూ వంగి చూడలేదు, అంతే.

"తింటూనే ఉన్నానండీ. నర్సమ్మ ఇచ్చిన బిళ్ళలు కూడా వేసుకుంటున్నాను. మా పిల్ల మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది" అంటూ తల్లి గూట్లోంచి ఇనుము బిళ్ళ తీసింది. టీచరు ఎదురుగానే నోట్లో వేసుకుని, వేడివేడి టీతో మింగింది. "నీళ్ళతో వేస్తే కడుపులో తిప్పుతుందండీ. టీ అయితే దిగిపోతుంది."

"మంచిది, ఒక్కరోజు కూడా మానకండి" అంది టీచరు. హమ్మయ్య అనుకుంది. బిళ్ళలున్నాయి, పిల్ల ఇచ్చే గుడ్లున్నాయి. ఆ మరుసటి మంగళవారం నుంచి టీచరు పిచ్చుక సంచి వైపు చూడటం మానేసింది. నియమం తప్పుతున్నామని తెలిసి కూడా మొహం పక్కకు తిప్పుకునేది. అది దయ అనుకుంది, పాపం.

ఇంకో పది రోజులు పోయాక ఒక గురువారం పిచ్చుక బడికి రాలేదు. మధ్యాహ్నం హెడ్మాస్టరు వచ్చి, ఆ పిల్ల తల్లిని పెద్దాసుపత్రిలో చేర్చారని చెప్పారు. టీచరు సెలవు చీటీ రాసిచ్చి పరుగున వెళ్ళింది.

ప్రసూతి వార్డు బయట పొడవాటి వసారా. బల్ల మీద నాయనమ్మ ఒళ్ళో నిద్రపోతున్న పిల్లాడు. గోడకు ఆనుకుని, గ్రీజు మరకల యూనిఫారంలోనే మెకానిక్. అతని పక్కన పిచ్చుక. లోపలి నుంచి పెద్ద నర్సు వచ్చింది. ఆ పేట గర్భిణులకు బిళ్ళలు ఇచ్చేది ఆవిడే, తల నెరిసిన మనిషి. టీచరును కిటికీ దగ్గరికి పిలిచింది.

"మీరేనా టీచరుగారు? బిడ్డ నెలలు నిండకుండా వచ్చేసిందండీ. ఊపిరి అందుకోలేదు. తల్లికి రక్తం ఎక్కిస్తున్నాం. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సిన చోట ఐదుంది. ఆవిడ బతకడమే గొప్ప. ఇంకా ఏమీ చెప్పలేం."

"బిళ్ళలు వేసుకుంటోంది కదండీ. నా కళ్ళతో నేనే చూశాను."

నర్సు టీచరు ముఖంలోకి చూసింది. "టీతోనా?"

టీచరు తల ఊపింది.

"టీతో వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదండీ. ఆవిడ ఆకలేస్తే టీ తాగింది, అన్నం మీద టీ తాగింది, బిళ్ళతోనూ టీ తాగింది. 'ఎవరూ చెప్పలేదా తల్లీ?' అని అడిగితే, 'టీచరుగారి ముందే వేసుకున్నాను, మంచిదన్నారు' అంది." నర్సు చేతులు తుడుచుకుంది. "మిమ్మల్ని అనడంలేదండీ. నేను మాత్రం చెప్పానా? రోజుకు ఎనభై మంది వస్తారు. బిళ్ళలు చేతిలో పెడతాను, చీటీ మీద టిక్కు పెడతాను, 'తరువాత' అని కేకేస్తాను. మీరు పిల్లలకి చెబుతారు, నేను గర్భిణులకి ఇస్తాను. వాళ్ళింట్లో ముందు ఎవరు తింటారు, ఆఖరికి ఏం మిగులుతుంది, అది మాత్రం ఎవరమూ అడగం. అడిగితే ఇంటి విషయమంటారు. ఆ ఇంటి విషయమే ఇదిగో, ఇలా మంచమెక్కి నా వార్డుకు వస్తుంది."

అంతలో లోపల ఎవరో పిలిస్తే నర్సు వెళ్ళిపోయింది. టీచరు వచ్చి బల్ల మీద కూలబడింది. కాసేపటికి పిచ్చుక జరిగి దగ్గరగా కూర్చుంది.

"టీచర్, నేను పదకొండు గుడ్లిచ్చాను అమ్మకి. లెక్కపెట్టుకున్నాను. ప్రతిసారీ 'తరువాత తింటాలే, అక్కడ పెట్టు' అనేది." గొంతు బాగా తగ్గించింది. "ఒకరోజు బాగా ఆకలేసి, వచ్చేటప్పుడు సగం నేను తినేశాను టీచర్. అమ్మకి సగమే ఇచ్చాను. అందుకేనా?"

టీచరు ఆ పిల్లను గట్టిగా పొదివి పట్టుకుంది. గోడకు ఆనుకున్న మెకానిక్ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు.

"ఏ గుడ్లమ్మా?"

"బళ్ళో ఇస్తారు కదా నాన్నా, మంగళవారం, శుక్రవారం."

కూతుర్ని, "నాయనమ్మకి మంచినీళ్ళు పట్టుకురా తల్లీ" అని పంపించి, టీచరు వైపు వంగాడు. మాటలు ముక్కలుగా వచ్చాయి.

"నా క్యారియర్లో ఉండేవండీ. కాస్త నలిగిపోయి ఉండేవి. ఎక్కడివని ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు సగమే ఉంది. ఇంటికొచ్చి, మిగతా సగం ఏదని విసుక్కున్నాను కూడా..."

నల్లటి గ్రీజు చేతుల్లో మొహం దాచుకుని, మగవాడినన్న మొహమాటం కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాయనమ్మ ఒళ్ళోని పిల్లాడు లేచి తండ్రిని చూసి తనూ మొదలుపెట్టాడు. ఆ వసారాలో టీచరుకు చేతులు కట్టేసినట్టయింది. ఆ భర్తను ఏమని తిట్టాలి? తెలియదన్నవాడిని. ఆ అత్తగారిని ఏమని నిలదీయాలి? కోడలిగా తనూ ఆఖరునే తింటూ ముసలిదైన మనిషిని. తనను తాను ఏమనుకోవాలి?

పిచ్చుక నీళ్ళ గ్లాసు నాయనమ్మకు అందించి తిరిగి వచ్చింది. టీచరు ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఏ ప్రశ్న అడిగినా టీచరు జవాబు చెబుతుందని ఆ పిల్ల నమ్మకం.

"నీ వల్ల కాదమ్మా" అంది టీచరు. "నీ ఒక్కదానికే పాఠం వచ్చు."

పిచ్చుకకు అది అర్థం కాలేదు. తల ఊపి, వార్డు తలుపు వైపు చూస్తూ కూర్చుంది. లోపలి నుంచి ఎవరూ పిలవలేదు.

పాఠకులారా, ఆ పిల్ల పట్టిక తప్పు లేకుండా అప్పజెప్పగలదు. ఏ ఖనిజం ఎందులో ఉంటుందో మన పిల్లలందరికీ నోటికి వచ్చు, ఆ సంగతి మనకు గర్వం కూడా. కానీ వండి పెట్టే మనిషి అందరితో పాటు కంచం ముందు కూర్చోనంతకాలం, పుస్తకంలో ఉన్న ఇనుము పుస్తకంలోనే ఉండిపోతుంది.