రోం బాట, రూం టోపీ

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఎల్లారెడ్డిలో ఆ ఉలిపికట్టె ఎవరయ్యా అని అడిగితే పాలు తాగే పిల్లయినా వడ్డెర హనుమాండ్లు గుడిసె చూపించేది. పుణ్యం కావాలనుకున్నవాళ్లు ఏడుపాయలకు పోయేవాళ్లు, ఇంకా ఓపిక ఉంటే కాశీకి పోయేవాళ్లు. ఈయన మాత్రం రోం పోతానన్నాడు. అదీ దేవుణ్ని చూడటానికి కాదు. అక్కడొక రాళ్ల బాట ఉందట, దాన్ని చూడటానికి.

నవ్వేవాళ్లు నవ్వండి గానీ, సంగతి పూర్తిగా విని నవ్వండి. హనుమాండ్లు బాట మేస్త్రీ. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి సర్కారు వేయించిన కంకర బాటకు మొదటి రాయి పరిచింది వాళ్ల నాయన. ఎండాకాలం ఎర్రటి ఎండలో గుండ్లు పగలగొట్టి, పెద్ద రాయి కింద, చిన్న రాయి పైన పేర్చి, మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి బాట వేసేవాళ్లు. వానాకాలం రాగానే లింగంపేట దగ్గరి వాగు పొంగి ఆ బాటను ఎత్తుకుపోయేది. మళ్లీ ఎండాకాలం, మళ్లీ అదే రాయి, అదే చోటు. నాయన చివరి రోజుల్లో మంచం వాకిట్లో వేయించుకుని, "మనం ఏసిన బాట మీద మన మనుమడు నడువడు బిడ్డా. వాడు మళ్ల ఏస్తడు," అన్నాడు. ఆ మాట హనుమాండ్లు గుండెలో పడి అక్కడే ఉండిపోయింది.

అలాంటి మనిషికి, పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎండాకాలంలో, బాట పని చూడవచ్చిన ఇంజనీరు సాబు ఒక బొమ్మల పుస్తకం చూపించాడు. డేరా ముందు కుర్చీలో కూర్చుని ఆయన ఊరికే పేజీలు తిప్పుతుంటే, పక్కన నిలబడ్డ హనుమాండ్లు కళ్లు ఒక బొమ్మ మీద నిలిచిపోయాయి. పెద్ద పెద్ద నల్లరాళ్లు, ఒక్కొక్కటి ఒక్కో ఆకారం, సందు లేకుండా ఒకదానికొకటి ఒదిగి ఉన్నాయి. బాటకు రెండు పక్కలా గొడుగుల్లాంటి చెట్లు. ఇది రోం నగరపు బాట, రెండు వేల ఏండ్ల కింద వేశారు, ఇప్పటికీ బండ్లు పోతున్నాయి అన్నాడు సాబు. హనుమాండ్లు నమ్మలేదు. రెండు వందలా అని అడిగాడు. కాదు, రెండు వేలు అన్నాడాయన. ఇంకోసారి అడిగి, ఇంకోసారి విని, అప్పుడు తన అసలు ప్రశ్న అడిగాడు.

"నీళ్లెటు పోతున్నయి సాబ్?"

సాబు బొమ్మను అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. విలాయతు చదువు చదివినవాడే, కానీ జవాబు చెప్పలేకపోయాడు. తెలియదని ఒప్పుకున్నాడు కూడా, అది ఆయన గొప్పతనం. వచ్చే ఏడు తాను లండన్ పోతున్నాననీ, దారిలో ఓడ దిగి పది రోజులు రోంలో వింతలన్నీ చూస్తాననీ, వెంట ఒక మనిషిని తీసుకుపోవచ్చనీ చెప్పాడు. "నువ్వు రా. నీళ్లు ఎటు పోతున్నాయో చూసి నువ్వే నాకు చెప్పు," అన్నాడు.

ఇక ఆ రోజు నుంచి హనుమాండ్లుకు కూడు రుచించలేదు, నిద్ర పట్టలేదు. సాబు ఎప్పుడు పనికొచ్చినా రోం ముచ్చటే. అక్కడ పులులతో, సింహాలతో మనుషులను కొట్లాడించిన పెద్ద గుండ్రటి గోడ ఉందట, చూడాలి. ఊరి నడుమ రాతి బొమ్మల నోళ్లలోంచి నీళ్లు చిమ్ముతాయట, చూడాలి. ఆకాశమంత గుమ్మటమున్న గుడి ఉందట, అదీ చూడాలి. హనుమాండ్లు అన్నిటికీ తల ఊపి, లోపల తన లెక్క తాను వేసుకున్నాడు. పది రోజుల్లో తొమ్మిది రోజులు బాటకు. మిగిలిన ఒక్క రోజు సాబు మనసు నొప్పించకుండా ఆ గోడకూ గుడికీ.

ఇంట్లో ముత్తవ్వ ఊరుకుంటుందా? మొగుడు ఓడెక్కుతానంటే మొదట వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది, అప్పుడు అంతకుముందే నయమనిపించింది హనుమాండ్లుకు. కూట్లో రాయి తీయలేనోడు ఏట్లో రాయి తీస్తాడా, లింగంపేట వాగుకే జవాబు చెప్పలేనోడు సముద్రం దాటి ఏం చేస్తాడు అని దెప్పింది. మళ్లీ తనే, పేరులోనే సముద్రం దాటినవాడున్నాడు, నిన్నెవరు ఆపుతారులే అని నవ్వింది. నవ్విన మర్నాటి నుంచి ప్రయాణానికి సర్దడంలో మొగుణ్ని మించిపోయింది. పాత చీర చింపి సంచి కుట్టింది. ఎండబెట్టిన జొన్నరొట్టెలు ఎన్నాళ్లు నిలుస్తాయో చూడటానికి నాలుగు రొట్టెలు ఉట్టిమీద దాచి రోజూ విరిచి చూసింది. సత్తుపిండి, చింతపండు తొక్కు, వెల్లుల్లి కారం అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టింది. చివరికి ఒక సాయంత్రం, ఎటో చూస్తూ తన కోరిక బయటపెట్టింది. ఆ బాట నుంచి తనకొక్క రాయి తెమ్మంది.

"బాటల రాయి గుంజొద్దే," అన్నాడు హనుమాండ్లు. "ఒక్క రాయి గుంజితె పక్క రాయి వదులైతది. రెండు వేల ఏండ్లు నిలిచినదాన్ని నేను పోయి చెడగొడ్తనా?"

దానికి బదులు అతను ఒక పురికొస తీసి చూపించాడు. వడ్డెర మేస్త్రీకి టేపులూ బద్దలూ లేవు, కొలత ఏదైనా పురికొసకు ముడులు వేసి తెచ్చుకుంటాడు. రోం బాట అడ్డం ఎంతో ఒక ముడి, రాయి మందం ఎంతో ఒక ముడి, పక్క కాలువ లోతు ఎంతో ఒక ముడి. ఆ ముడులు తెచ్చి ఇస్తాను, నువ్వు పట్టుకుంటే ఆ బాటను పట్టుకున్నట్టే అన్నాడు. ముత్తవ్వ ఆ పురికొసను చుట్టచుట్టి సంచిలో అడుగున పెట్టింది.

సర్కారు పర్వానా లేనిదే ఓడ ఎక్కనివ్వరు కాబట్టి, హనుమాండ్లు కామారెడ్డి పోయి తాలూకా కచేరీ ముందర కూర్చునే రామస్వామి మున్షీ చేత ఉర్దూలో దరఖాస్తు రాయించాడు. రామస్వామి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసే మనిషి. రాసింది పైకి చదివి వినిపించాడు కూడా. ఫలానా ఇంజనీరు సాబు వెంట నౌకరుగా రోం పోవడానికి ఇజాజతు కావాలి. రోం అనే చదివాడు. హనుమాండ్లు తన చెవులతో విన్నాడు.

ఆ కాగితం ఏ బల్ల మీద ఎన్ని నెలలు పడుకుందో గానీ, మరుసటి ఏడు ఎండలు ముదిరాక, ఓడ ఇంకా పన్నెండు రోజులుందనగా జవాబు వచ్చింది. మంజూరైంది. ఇంజనీరు సాబు డేరా ముందు నిలబడి ఆ కాగితం విప్పి చదివి, నెత్తి పట్టుకున్నాడు. అందులో హనుమాండ్లును టర్కీ దేశం పోనిచ్చారు.

సంగతేమంటే, ఉర్దూ రాతలో రోం అని రాసినా రూం అని రాసినా అవే మూడు అక్షరాలు. మన నైజాం ఇలాకాలో రూం అంటే టర్కీ, ఆ పేరు ఎరగనివారు లేరు. కచేరీల్లో పెద్దలు పెట్టుకునే ఎర్ర టోపీ రూమీ టోపీ, ఆ టోపీ దేశమే రూం. దరఖాస్తు చదివిన గుమాస్తా జన్మలో రోం పేరు విని ఉండడు. రూం అని చదివాడు, పాపం శ్రద్ధగా టర్కీ అని దస్తావేజుల్లోకి ఎక్కించాడు. హనుమాండ్లు కోపంతో ఊగిపోతూ కామారెడ్డి పోయి, ఎందుకిట్లా చేశావని మున్షీని నిలదీశాడు. రామస్వామి తన దగ్గరున్న నకలు తీసి మళ్లీ చదివాడు. మళ్లీ రోం అనే వినబడింది.

"నేను రోం అని రాసిన, వాండ్లు రూం అని చదివిండ్రు," అన్నాడు రామస్వామి. "తప్పు రాతల లేదు హనుమాండ్లు. ఎవల మీద కోపం చేస్తవు?"

నిజమే, ఎవరి మీద చేస్తాడు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని అంటారు గానీ, ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, ఇంకో ఊరికి ఇచ్చాడంతే. కొత్త దరఖాస్తు పెట్టారు, అది తేలేలోగా ఓడ ఆగుతుందా? ఇంజనీరు సాబు ఒక్కడే బయల్దేరాడు. హనుమాండ్లు కామారెడ్డి స్టేషన్ దాకా వెంట పోయి ఆయన పెట్టె రైల్లో పెట్టి దిగాడు. ఊళ్లో వాళ్లకు మాత్రం పండగైంది. అప్పటి నుంచి అతని పేరు రూం హనుమాండ్లు. ఎదురైనవాడల్లా, రూం ఎప్పుడు పోతున్నావు, వచ్చేటప్పుడు నాకొక టోపీ తే అనేవాడు. అతను నవ్వేవాడు, ఏం చేస్తాడు మరి. ఇంటికొచ్చి చిలక్కొయ్యకు వేలాడే సంచి చూస్తే మాత్రం నవ్వు వచ్చేది కాదు. ముత్తవ్వ ఆ సంచిని విప్పలేదు, అతను విప్పమనలేదు.

ఆ వానాకాలంలో రోం నుంచి ఒక కార్డు వచ్చింది. ఒక పక్క బొమ్మ, ఆ బాటే, ఆ గొడుగు చెట్లే. రెండో పక్క ఉర్దూలో సాబు చేతిరాత. రామస్వామి చదివి చెప్పాడు.

"హనుమాండ్లూ, బాట మీద రెండు రోజులు నడిచాను. నీళ్లు ఎటు పోతున్నాయో నాకు అర్థం కాలేదు. దీన్ని చూడాల్సింది నేను కాదు, నువ్వు."

హనుమాండ్లు ఏడ్చాడు. కచేరీ ముందర, పది మంది చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రామస్వామి తన కండువా ఇచ్చాడు.

అంతలో దేశాల నడుమ లడాయి మొదలైంది. సాబు లండన్‌లోనే ఉండిపోయాడు. మరుసటి ఏడు ఎండాకాలం చివర రెండో దరఖాస్తుకు జవాబొచ్చింది, ఈసారి ఎవరూ పొరబడకుండా రోం పక్కన ఇటలీ దేశం అని కూడా రాశారు. ఆ నెలలోనే రోం సర్కారు కూడా మన సర్కారు మీద లడాయికి దిగిందని కామారెడ్డిలో చాటింపు వేశారు. చేతిలో పర్వానా ఉంది, పోవాల్సిన ఊరు దుష్మన్ ఊరైంది. ఆ వానలకు లింగంపేట వాగు మళ్లీ బాటను కోసుకుపోయింది. అక్కడ రాళ్లు పేరుస్తూ పేరుస్తూ, రోంలో ఇప్పుడు వాన పడుతుందా అని అడిగేవాడు కూలివాళ్లను. వాళ్లకేం తెలుసు?

నలభై ఒకటో ఏడు వచ్చింది. లడాయిలో పట్టుబడ్డ ఇటలీ సిపాయిలను రైళ్లలో దక్షిణం దిక్కు తీసుకుపోతున్నారనీ, ఇంజనుకు నీళ్లు పట్టడానికి ఆ రైళ్లు కామారెడ్డిలో ఆగుతున్నాయనీ మోటారు డ్రైవర్లు చెప్పారు. హనుమాండ్లు ఆ మాట విని చేతిలో సుత్తె కింద పెట్టాడు. రోం వాళ్లు వాళ్లే గదా! తను పోలేకపోతే ఏం, ఆ ఊరి మనిషే వస్తుంటే అడగొచ్చు. ముత్తవ్వ చిలక్కొయ్య మీది సంచి దించి, దుమ్ము దులిపి, రొట్టెలూ తొక్కూ పెట్టింది. పురికొస ఎలాగూ అడుగునే ఉంది. కార్డు అతని అంగీ జేబులో ఉంది.

స్టేషన్‌లో మూడు రోజులు కూర్చున్నాడు. మొదటి రైలు ఆగలేదు. రెండోదాని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మూడో రోజు పొద్దున ఆగిన రైల్లో కిటికీల నిండా గడ్డాలు పెరిగిన ముఖాలు, బక్కచిక్కిన ముఖాలు, ఎండకు కమిలిన ముఖాలు. తుపాకీ పట్టుకున్న జమాదారు కసిరితే, ఒక్క మాట అడిగి పోతాను మాలిక్ అని దండం పెట్టాడు. జమాదారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. హనుమాండ్లు కిటికీ కిటికీకీ పోయి "రోం? రోం?" అని అడిగాడు. తలలు అడ్డంగా ఊగాయి. ఐదో పెట్టెలో నలభై ఏండ్ల మనిషి ఒకడు చటుక్కున లేచి, "రోమా!" అన్నాడు, తన రొమ్ము మీద చెయ్యేసుకుని.

హనుమాండ్లు కార్డు ఇచ్చాడు. మూడేళ్లుగా మనసులో నూరుకుంటున్న ప్రశ్న నాలుక మీదికొచ్చింది. చేత్తో వాన పడ్డట్టూ నీళ్లు పారినట్టూ చూపించడం కూడా ఇంట్లో సాధన చేసి వచ్చాడు. కానీ ఆ మనిషి బాట దిక్కు చూడనే లేదు. కార్డు మూలన, గొడుగు చెట్ల వెనక, ఎవరూ పట్టించుకోని చిన్న పెంకుల కప్పు ఒకటుంది. దాని మీద వేలు పెట్టాడు.

"మియా కాసా," అన్నాడు.

వాళ్ల భాషలో దానికి నా ఇల్లు అని అర్థమట. ఆ సంగతి హనుమాండ్లుకు ఎవరు చెప్పారు? అతని చెవికి అది మన నైజాం మాటే అయి వినబడింది. మియా అని మర్యాదగా పిలిచాడు, ఖాసా అన్నాడు. ఖాసా అంటే సొంతం. ఇది నా ఖాసా మియా, అంటున్నాడు.

"ఖాసానా?" అన్నాడు హనుమాండ్లు.

"కాసా, కాసా," అన్నాడా మనిషి. కళ్లలోంచి నీళ్లు గడ్డంలోకి దిగాయి. చూడని ఊరి కోసమే తను ఇంత తపించిపోతే, పుట్టి పెరిగిన ఊరు చేతిలో బొమ్మయి నిలిచినవాడి గతి ఏమిటి? హనుమాండ్లుకు మొదటిసారి తన దుఃఖం చిన్నదిగా కనబడింది.

గార్డు ఈల ఊదాడు. ఆ మనిషి కార్డును ఇంకోసారి చూసుకుని, కిటికీలోంచి చెయ్యి చాచి తిరిగి ఇవ్వబోయాడు. హనుమాండ్లు ఆ చేతిని రెండు చేతులతో మూసి లోపలికే తోశాడు. రొట్టెల మూట కూడా ఒళ్లో పడేశాడు. రైలు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ కిటికీలో కార్డు తెల్లగా ఊగుతూ కనబడింది.

ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు వాలింది. ముత్తవ్వ వాకిట్లోనే ఉంది.

"దొరికిండా రోం మనిషి?"

"దొరికిండు."

"నీళ్లెటు పోతయో అడిగినవా?"

హనుమాండ్లు అరుగు మీద కూర్చున్నాడు. "అడుగుడు మర్శిన."

"బొమ్మ ఏది?"

"దాని ఖాసా మనిషికి ఇచ్చిన."

దెప్పడానికి ముత్తవ్వకు ఇంతకంటే మంచి సందు జన్మలో దొరకదు. కానీ ఆమె మొగుడి ముఖం చూసి, సంచి దులిపి, అడుగున ఉన్న పురికొస బయటికి తీసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమింది. ఎక్కడా ముడి లేదు. అప్పుడు అతని పక్కన కూర్చుని, కొస దగ్గర గట్టిగా ఒక ముడి వేసింది.

"ఇదేంది?" అన్నాడు హనుమాండ్లు.

"కామారెడ్డి దాకనన్న పోయొచ్చినవు గద," అంది ముత్తవ్వ, పురికొసను అతని చేతిలో పెట్టి.