కుట్టుమిషను మీద ఎర్ర చీటీ

పొద్దున్నించి వంటావిడకి నడుం వాల్చే తీరిక లేదు. అమ్మగారు పోయి ఇంకా నెల తిరగలేదు, కొడుకులిద్దరూ ఇంట్లో సామాను పంచుకోవడానికి దిగారు. పెద్దబాబువి ఎర్ర చీటీలు, చిన్నబాబువి నీలం చీటీలు. బీరువాలకీ, మంచాలకీ, ఆఖరికి చీపురుకట్టకి కూడా అంటించేస్తున్నారు. ఎంత చదువుకుంటే మాత్రం ఏం లాభం, పంపకాల దగ్గర అందరూ ఒకటే!

మూడోసారి టీ తెచ్చినప్పుడు పెద్దబాబు ఆవిడతో చల్లగా చెప్పాడు. "పిన్నీ, నువ్వు తమ్ముడి వాటాలోకి వెళ్తున్నావు. వాళ్లావిడకి వంట రాదు కదా."

నన్నొక మాట అడగక్కర్లేదా అనుకుంది గానీ పైకి అనలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎదురు చెప్పని మనిషి.

టీ కప్పులు అక్కడ పెట్టి వంటింటి వెనక తన గదిలోకి వెళ్లేసరికి, కుట్టుమిషను మీద ఎర్ర చీటీ!

ఆ మిషను మీద దిండు గలేబులు, పిల్లల గౌన్లు కుట్టుకుని, ఎప్పటికైనా తనకంటూ ఓ గది అద్దెకి తీసుకోవాలని ఆవిడ ఆశ. జీతంలోంచి వాయిదాలు కట్టి కొంది. పనిమనిషికి వాయిదాల మీద ఇవ్వనని దుకాణంవాడు మొండికేస్తే, బిల్లు అమ్మగారి పేరున రాయించింది. అదే చేసిన పొరపాటు.

"బాబూ, మిషను నాది," అంది హాలు గుమ్మంలో నిలబడి.

"బిల్లు అమ్మ పేరున ఉంది పిన్నీ," అంటూ పెద్దబాబు కాగితం చూపించాడు.

చిన్నబాబు నసిగాడు. "డబ్బు ఆవిడే కట్టింది అన్నయ్యా, నాకు తెలుసు."

"నువ్వూరుకోరా. పిన్నేమన్నా పరాయిదా? మనింటి మనిషి. ఇంట్లో మిషను ఇంటిదే."

మనింటి మనిషి! ఆ మాట ఎన్నిసార్లు విందో. జీతం పెంచమన్నప్పుడల్లా అదే మాట. విన్న ప్రతిసారీ వెర్రిదానిలా కడుపు నిండిపోయేది. ఇవాళ మాత్రం ఒళ్లు మండింది.

"ఇంటి మనిషినైతే నా చీటీలేవి బాబూ? నాది ఏ రంగు?"

ఆవిడ గదిలోకి వెళ్లి ఎర్ర చీటీని గోటితో పీకింది. సగం చిరిగింది, సగం మిషనుకే అంటుకుపోయింది. తిరిగి హాల్లోకి వచ్చి, రోజూ తుడవడమే తప్ప ఎన్నడూ కూర్చోని అమ్మగారి కుర్చీలో కూర్చుంది.

"టీ చల్లారిపోయింది పిన్నీ, వేడి చేసి తే," అన్నాడు పెద్దబాబు ఏమీ ఎరగనట్టు.

"తేను."

రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది. లేవలేదు.